కరుకు వైన్

ఫాబియన్ గ్లాసులోని వైన్‌ను ఆ ముసలాయన చొక్కా మీద కుమ్మరించాడు.

కెఫేలో తలలన్నీ అటు తిరిగాయి.

ముసలాయన లేవలేదు. అరవలేదు. తడిసిన చొక్కా చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు.

"చూశారా! ఇంకా పరీక్షలే చేస్తున్నాడు!" అన్నాడు ఫాబియన్.

మూల బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏరా, నీకేమైనా పిచ్చా?" కెఫే నడిపే ఓదెత్ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎవరీయన?"

"ఎవరో నాకేం తెలుసు! పట్నం నుంచి దిగాడు. నా రెండేళ్ల కష్టాన్ని పుక్కిలించి ఉమ్మేసిన పెద్దమనిషి!"

ఆ ఉదయమే ఫాబియన్ వైన్ పరీక్షలో తప్పింది.

గాస్కనీ సీమలో ఆ కొండల మీద పండేది తన్నా అనే నల్ల ద్రాక్ష. దాని వైన్ సిరాలా చిక్కగా ఉంటుంది. సీసా మీద ఆ ప్రాంతం పేరు వేసుకోవాలంటే, ఐదుగురు పెద్దలు ఒక గదిలో కూర్చుని, ఎవరి వైనో తెలియకుండా రుచి చూసి సరేననాలి. కాదంటే అది పేరులేని సరుకే. లారీకెత్తించుకుపోయి చవక వైన్‌లో కలిపేస్తారు.

తన వైన్ వంతు వచ్చినప్పుడు, తలుపు బయట నిలబడ్డ ఫాబియన్‌కు లోపల్నుంచి ఒక్క మాటే గట్టిగా వినిపించింది.

"ఇది ఇప్పుడు తాగే వైన్ కాదు!"

ఆ వెంటనే తలుపు తోసుకుని ఈ ముసలాయన బయటికొచ్చాడు. ఎవరివైపూ చూడకుండా ఎదురుగా ఉన్న కెఫేలోకి వెళ్లి కూర్చున్నాడు.

కాసేపటికి గుమాస్తా లుసెత్ వచ్చి ఫలితం చెప్పింది.

"మరీ కరుకుగా ఉందట, ఫాబియన్. నాలుక పట్టేస్తోందట."

అంతే. చేతిలో మిగిలిన సీసాతో ఫాబియన్ నేరుగా కెఫేలోకి నడిచి, గ్లాసులోకి వంచి ఆయన మీద కుమ్మరించాడు.

"ఇప్పుడు చెప్పండి. ఏం తప్పుంది నా వైన్‌లో?"

"లోపల మాట్లాడింది బయట చెప్పకూడదు, బాబూ. ఒట్టు పెట్టుకుని కూర్చుంటాం," అన్నాడు ముసలాయన.

"అరిచేటప్పుడు గుర్తు రాలేదా ఆ ఒట్టు?"

ముసలాయన ఓదెత్ ఇచ్చిన తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"లారీకి ఎత్తకు. సీసాల్లో పోసి, చీకట్లో పడుకోబెట్టి, మరిచిపో."

"నేను మరిచిపోతాను సరే. నా పిల్లల కడుపులు మరిచిపోతాయా?"

ఆయన తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని, ఓదెత్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

"ఆ చొక్కా ఉతక్కండి! మా ఊరి గుర్తుగా దాచుకోండి!" వెనక నుంచి ఎవరో కేకేశారు.

ఇంటికి వెళ్లి ఫాబియన్ భార్యతో అన్నాడు:

"మొత్తం అమ్మేద్దాం, మైలిస్. పీడా పోతుంది."

"సగం అమ్ము. సగం ఉండనీ."

"ఆ ముసలాడు చెప్పాడనా?"

"ఎవడు చెప్తే నాకేం? నువ్వు చేసిందంతా ఊరూ పేరూ లేని పీపాలో కలిసిపోతే, ఆ తర్వాత నీ మొహం నేను చూడలేను."

సగం లారీ ఎక్కింది. ఆ చలికాలమంతా ఫాబియన్ పక్క ఊళ్లో కలప కోత మిల్లులో కూలికి వెళ్లాడు. మిగతా సగం సీసాల్లోకి చేరి నేలమాళిగ చివర అడ్డంగా పడుకుంది. సీసాల మీద బూజు పట్టింది. ఆ మూలకు వెళ్లడమే మానేశాడతను.

ఏళ్లు గడిచాయి. తర్వాతి పంటలు పరీక్ష దాటాయి. ఇల్లు ఒడ్డున పడింది.

ఒక ఆదివారం మైలిస్ తండ్రి భోజనానికి వస్తున్నాడు. ఆమె బాతు వండింది. చూస్తే ఇంట్లో మామూలు సీసాలు అయిపోయాయి.

ఫాబియన్ పొద్దున్నే ఆ మూల సీసా ఒకటి తెచ్చాడు. బిరడా తీసి, వెడల్పాటి గాజు కూజాలోకి మెల్లగా వంచాడు. అడుగున మడ్డి కదలగానే ఆపేశాడు. గాలి తగిలితే కాస్త మెత్తబడుతుందిలే అని వదిలేశాడు.

భోజనాల దగ్గర మైలిస్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టకుండా అలాగే ఉండిపోయింది.

"ఇదెవరిది?"

"మనదే."

"అబద్ధం."

"ఒట్టు. పరీక్ష తప్పిన ఏడాదిది."

తనూ తాగి చూశాడు. ముళ్లన్నీ రాలిపోయాయి. మాగిన నల్ల పండు, వానకు తడిసిన మన్ను, ఎక్కడో కాస్త పొగ. మింగేశాక కూడా నోరు వదిలి పోనంటోంది.

మామగారు పళ్లెంలో బాతు సంగతే మరిచిపోయి గ్లాసు మళ్లీ ముందుకు చాచాడు.

"ఆ పెద్దాయనకు ఒక సీసా ఇచ్చి రా," అంది మైలిస్.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"చొక్కా మీద పోసిన మొహమే పెట్టుకుని వెళ్లు."

మర్నాడు ఫాబియన్ సీసా తుడిచి, కాగితం చుట్టి, పరీక్షలు జరిగే ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా లుసెత్ ఇంకా అక్కడే ఉంది. ఆయన ఆనవాళ్లు చెప్పి, ఎక్కడుంటాడని అడిగాడు.

"వెర్దియే గారి గురించా?" ఆమె చేతిలో పని ఆపింది. "నిరుటి చలికాలంలో పోయాడు. నీకు తెలియదా?"

ఫాబియన్ సీసాను బల్ల మీద పెట్టాడు.

"క్షమించమని అడుగుదామని వచ్చాను. నా వైన్‌ను కాదన్నా, దాన్ని దాచమని చెప్పింది కూడా ఆయనే."

"ఆయన కాదన్నాడా? ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పేదేముంది? తలుపు బయట నా చెవులతో నేనే విన్నాను. ఆ గొంతు ఆయనదే."

లుసెత్ కళ్లజోడు తీసి అతనివైపు చూసింది.

"ఒక్క ముక్క విని అంత పని చేశావా!" అంది. "పోయినాయనకు ఇంకా ఒట్టేమిటిలే, చెప్పేస్తాను. మిగతా నలుగురూ వద్దంటుంటే, నీ వైన్ కోసం బల్ల గుద్ది పోట్లాడి, ఇక జన్మలో ఈ గదిలో కూర్చోనని లేచి వెళ్లిపోయిన మనిషి ఆయనొక్కడే, ఫాబియన్."