ఎవరూ తరమని పరుగు

"ఎవరూ తరమకుండా ఎవడైనా పరిగెడతాడా?" కానిస్టేబుల్ లాఠీతో బల్ల మీద కొట్టాడు.

"నేను పరిగెడతానండీ. రోజూ సాయంత్రం," అన్నారు లెక్కల మాస్టారు.

"దేనికి?"

"బాగుంటుంది."

స్టేషన్లో ఉన్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొట్ట కిందికి జారని బెల్టు వాళ్లలో ఒక్కడికీ లేదు. బాగుంటుందని పరిగెత్తే మనిషిని వాళ్లు బుద్ధెరిగాక చూసి ఉండరు.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు," అన్నాడు కానిస్టేబుల్. "పిల్లలకి చదువు చెప్పేవారు, మీ మీద చెయ్యి చేసుకోవడం నాకిష్టం లేదు. నిన్న చీకటి పడే వేళ అద్దె పుస్తకాల షాపు తాతని ఎవరో తోసి చంపారు. బీరువా అంచుకి తల కొట్టుకుని పోయాడు. సరిగ్గా ఆ వేళకే మీరు ఆ సందులోంచి దౌడు తియ్యడం కెమెరాలో పడింది. దీనికేమంటారు?"

"నిన్నటిది ఒక్కటే చూస్తే ఎలాగండీ? మొన్నటిది చూడండి, అటుమొన్నటిది చూడండి. రోజూ ఆ సందులోంచే పోతాను."

అవీ చూశారు. రోజూ అదే నిక్కరు, అదే పరుగు. అయినా వాళ్లకి మింగుడు పడటం లేదు. తాగి రోడ్డు మీద దొర్లేవాణ్ని ఈ లోకం ఏమీ అడగదు. ఒళ్లు తేలికపడాలని పరిగెత్తేవాడు మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి!

గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారి భార్య ఇక ఉండబట్టలేకపోయింది. "నేను చెప్తూనే ఉన్నానండీ. ఈ వయసులో ఆ పరుగేంటి, ఆ బొమ్మల పుస్తకాలేంటి, ఏదో ఒకరోజు కొంప ముంచుతాయని. వింటేగా! ఈయన చీమకి కూడా హాని తలపెట్టే మనిషి కాదు. హత్య కేసులో పేరు పడితే బళ్లో ఉంచుతారా? మేం నలుగురిలో తలెత్తుకోగలమా?"

మాస్టారు తల దించుకున్నారు.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతిలో ఒక పాత కామిక్ పుస్తకం ఉంది. మాస్టారి ఇల్లు సోదా చేసినప్పుడు పట్టుకొచ్చింది అదొక్కటే.

"మాస్టారికి కుర్చీ వెయ్యలేదేంట్రా?" అని కసిరి, ఎదురుగా కూర్చున్నాడు. "ఇదెప్పుడు తెచ్చారండీ?"

"నిన్న, బడి నుంచి వస్తూ. ఎప్పుడూ చదవలేదండీ, ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నాను. అచ్చు ఆగిపోయిన పుస్తకం. ఊరంతటికీ ఆ తాత దగ్గరున్నది ఒక్కటే కాపీ. ఇన్నాళ్లకి నా వంతు వచ్చింది."

"మళ్లీ షాపుకి వెళ్లారా?"

"లేదండీ. పరిగెడుతూ చూశాను, షట్టరు సగం దించి ఉంది. ఆగలేదు. ఆగి ఉంటే బతికేవాడేమో."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం అట్ట నిమిరాడు. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అదే షాపండీ. కొత్తది వస్తే నాకోసం అట్టేపెట్టేవాడు. ఉద్యోగం వచ్చిందని చెప్తే నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు." కళ్లు ఎర్రబడ్డాయి. చచ్చిపోయిన ముసలాయన కోసం ఆ స్టేషన్లో నిజంగా ఏడుపొచ్చినవాడు అతనొక్కడే.

ఒకే పిచ్చి ఉన్న ఇద్దరు కలిస్తే ఇంకేముంది! ఏ బొమ్మల్లో వాన బాగా కురుస్తుంది, ఏ డిటెక్టివ్‌కి బుర్ర తక్కువ, పరిగెత్తే మనిషిని సరిగ్గా గీయడం ఎందుకంత కష్టం, ఇవీ కబుర్లు. కానిస్టేబుల్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"సరే, వెళ్లిరండి మాస్టారూ," అన్నాడు చివరికి ఇన్‌స్పెక్టర్. "పరిగెత్తడం నేరమేం కాదు."

మాస్టారి భార్య గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలింది. మాస్టారు లేచి, దండం పెట్టి, ఆమెతో పాటు గుమ్మం దాటబోయారు.

వెనక ఇన్‌స్పెక్టర్ పుస్తకం తిరగేస్తున్నాడు. "బొమ్మలు అద్భుతం. ముగింపే చప్పగా ఉంది. గడియారాలు బాగుచేసేవాడే హంతకుడని మొదట్లోనే తెలిసిపోతోంది."

మాస్టారు ఆగిపోయారు. చెవిన పడ్డ తప్పు లెక్కని దిద్దకుండా పోగలిగితే లెక్కల మాస్టారు ఎలా అవుతారు?

"అయ్యో, అతను కాదండీ! గడియార స్తంభం కింద వేణువు వాయించుకునే గుడ్డివాడు!"

"భలేవారే. గుడ్డివాడు ఎలా చంపుతాడండీ?"

"అక్కడే ఉంది మజా! ఆఖరి బొమ్మలో ఒక్క మాట కూడా ఉండదు. డిటెక్టివ్ చప్పుడు చెయ్యకుండా అతని మీదికి తాళంచెవి విసురుతాడు. వాడు ఠక్కున పట్టేస్తాడు!" మాస్టారు గాల్లోకి చెయ్యి చాచి, పట్టి మరీ చూపించారు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. అంత కంగారులోనూ భార్యకి నవ్వొచ్చింది. కానిస్టేబులూ నవ్వేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక్కడే నవ్వలేదు. లేచి వచ్చి మెల్లగా తలుపు మూశాడు.

"పుస్తకం తిరిగి తెచ్చేదాకా ఆఖరి పేజీ చేతికివ్వకుండా తన దగ్గరే దాచుకోవడం తాతకి అలవాటు మాస్టారూ. ఈ పుస్తకం ఆఖరి పేజీ, పొద్దున శవాన్ని ఎత్తితే కింద దొరికింది."