ఎదురుకాళ్ల రేవతి

"రెండు నెలలుగా నడుం నొప్పుంటే ఇప్పుడా తీసుకొచ్చేది?" బందరు ఆసుపత్రిలో డాక్టరు గారు కస్సుమన్నారు.

"నడుం పట్టేసిందనుకున్నామండీ," అంది కనకం, భర్త కోటయ్య చెప్పులు చేత్తో పట్టుకుని. "మా తోటికోడలు రేవతి ఎదురుకాళ్లతో పుట్టిందండీ. తను తొక్కితే ఎవరికైనా ఇట్టే వదిలేస్తుంది. మంగళవారం మంగళవారం తొక్కించామండీ."

రేవతి గోడవారగా నిలబడి వింటోంది. వాళ్ల ఊరు గిలకలదిండిలో వల లాగి నడుం పట్టిన ప్రతివాడూ ఆమె అరుగు మీద బోర్లా పడుకునేవాడే. బావగారు కోటయ్య మీద కాలు వెయ్యడానికి మాత్రం బెరుకు. తొక్కి, వెంటనే ఆయన పాదాలకు దండం పెట్టుకునేది. "నీ కాలు తగిలితే చాలమ్మా, ఆసుపత్రి ఎందుకు?" అనేవాడాయన. ఈ ఉదయం తొక్కించుకుని లేస్తూనే కుప్పకూలాడు.

"కిడ్నీ మీద చిన్న గ్రంథి ఉంటుంది. దాని రక్తనాళం చిట్లి లోపలంతా రక్తం చేరింది," అన్నారు డాక్టరు గారు. "అదే కిడ్నీలో గడ్డ కూడా ఉంది. అరుదైన రకం. రెండూ కలిసి రావడం నా సర్వీసులో చూడలేదు. బతికితే అదృష్టమే."

"నేను తొక్కినందుకే చిట్లిందాండీ?" రేవతి ముందుకొచ్చి అడిగింది.

"చెప్పలేనమ్మా. పోయిన రెండు నెలలు మాత్రం తిరిగి రావు."

రేవతికి చచ్చిపోయినంత పనైంది. పెళ్లినాడు అమ్మ చెవిలో చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఈ కాలి పేరు చెప్పుకునే నీకు అత్తింట్లో మర్యాద. నోరు జారేవు, జాగ్రత్తే!'

కోటయ్య బతికాడు. ఒక కిడ్నీ తీసేశారు. నెల తిరిగేసరికి ఇల్లు చేరాడు.

"నీ కాలు పడబట్టే ఆ పాడు గడ్డ బయటపడింది, తల్లీ!" కనకం రేవతి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. రేవతి మొహం ఎత్తలేదు.

మర్నాడు రేవులో ఐసు దిమ్మలు మోసే అప్పారావు మూలుగుతూ వచ్చి అరుగు మీద బోర్లా పడుకున్నాడు. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. రేవతి అలవాటుగా కాలెత్తి ఆగింది.

"లే మావయ్యా. వెళ్లి స్కాన్ తీయించుకో."

"భలేదానివే! ఎదురుకాళ్ల పిల్లవి, నువ్వుండగా నాకు స్కానెందుకే?"

రేవతి ఒక్కసారి బావగారి వైపు చూసింది. ఎత్తిన కాలు నేల మీద పెట్టేసింది.

"నేనూ అందరిలా తల ముందుగానే పుట్టాను, మావయ్యా."