నీళ్ల వైపు వసారా

నడుము ఎత్తు చాలదు, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుంటే కాలు వేసి దాటెయ్యొచ్చు, గుండెల ఎత్తుకు లేపితే మాత్రం ఆడమనిషి ఒక్కతే ఎక్కలేదు, అయినా స్టూలొకటి తెచ్చి వేసుకుంటే... అని మునీంద్ర మనసులో గోడ కొలుచుకుంటూ ఉండగానే ఇంటి వెనక తలుపు దడాలున తెరుచుకుంది.

"గోడ ఎవురు లేపమన్నారు?" అంది అతని భార్య నాగలత.

గోడ కడుతున్న బేల్దారి మేస్త్రీ గాబ్రియేలు చేతిలో తాపీ ఆగిపోయింది. అతను మునీంద్ర వైపు చూశాడు. మునీంద్ర నీళ్ల వైపు చూశాడు.

పెరడు దాటితే డ్యాము నీళ్లే. ఎండకు తెల్లగా, కదలకుండా, పెనం మాదిరి పడి ఉన్నాయి. కూతురు అంజలి ఆ నీళ్లలో పోయి ఏడాది కావస్తోంది. ముంపు ఊళ్లవాళ్లకిచ్చిన ఈ కాలనీలో అందరూ వసారాలు వీధివైపు కట్టుకున్నారు. నాగలతకు మాత్రం వెనకవైపు కావాలి. నీళ్లకు ఎదురుగా కావాలి. ముందు అడ్డం ఏమీ ఉండకూడదు. వేరే ఏదీ అడగదు, తిండి కూడా అడగదు. కాదంటే పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అందుకే సరేనన్నాడు. సరేనని, గాబ్రియేలును పక్కకు పిలిచి వసారా ముందు అడ్డంగా గోడ లేపమని చెప్పాడు.

"నేనే లేపమన్నా. గాలి శానా ఉండాది. దుమ్ము కొడతాది" అన్నాడు.

"దుమ్మా! ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు మోసేటోనికి దుమ్మంటే భయమా?"

"అట్ల అడుగు వదినా!" గాబ్రియేలు నవ్వాడు. "అన్న తుమ్మితే అర బస్తా సిమెంటు రాల్తాది."

ఆ నవ్వుకు తోడు ఎవరూ నవ్వలేదు.

"పీకెయ్" అంది నాగలత.

"లేపు" అన్నాడు మునీంద్ర.

"ఏందప్పా ఇది? మొగుడూ పెండ్లామూ ఒక మాట మీదికి రాండి. ఈడ కలిపిన సిమెంటు మాలు గట్టిపడతాండాది."

మునీంద్ర ఈ మధ్య ఆమె ముఖం చూడటం మానేశాడు. చూస్తే కూతురి ముక్కు, కూతురి గడ్డం కనిపిస్తాయి. అందుకని కాళ్లు చూస్తుంటాడు. ఫ్యాక్టరీలో మూట భుజానికెత్తుకున్నప్పుడు కూడా అవే కాళ్లు కళ్లముందు కదులుతాయి. వసారా దిగుతాయి, నల్లమట్టి తొక్కుతాయి, మడమలు మునుగుతాయి. నీళ్లు మొదట జిల్లుమంటాయి, తర్వాత ఏమీ అనిపించదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెల్లారకముందే రోజూ ఒడ్డు దాకా వెళ్లొస్తాడు కదా. కానీ అది వేరు. నిద్ర పట్టని మగవాడు కాసేపు నిలబడి వస్తాడు, అంతే. ఆమె అట్లా కాదు. ఆమె వెళ్లిందంటే తిరిగి రాదు.

నాగలత గోడ దగ్గరికొచ్చి పైరాయి మీద చెయ్యి వేసింది. అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తాండావు? పిచ్చిగాని పట్టిందా?"

"ఇడ్సు. ఈడ కూసుంటే నీళ్లు కనపడాల నాకు."

"దేనికి కనపడాల? ఏముండాదని ఆడ?"

"అది నీకెందుకు? కట్టేది కట్టు."

"కట్టను! కట్టి, డ్యూటీకి పోయి, మాపటికొచ్చి ఉత్త వసారా చూసుకోవాల్నా నేను?" అతను పట్టు బిగించాడు. "నువ్వు నీళ్లలోకి పోతావే. నాకు తెలుసు. పాప కాడికి పోవాలనే ఇది కట్టమంటాండావు. నువ్వూ పోతే నేనొక్కన్నే ఈడ ఏం చేయాల? ఎవుర్ని చూసుకోని బతకాల?"

గాబ్రియేలు తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కునే నెపంతో నీళ్ల డ్రమ్ము వైపు వెళ్లిపోయాడు.

నాగలత ఏడవలేదు. చెయ్యి విడిపించుకోనూ లేదు. అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నేనా?" అంది. "నేను పోతాననా ఈ గోడ?"

"మరెవురు?"

ఆమె గొంతు తగ్గించింది, గాబ్రియేలుకు వినపడకుండా.

"నువ్వు మంచం దిగినప్పుడల్లా నేను మేలుకొనే ఉంటానయ్యా. అడిగితే నాకు తెలీకుండా పోతావని నోరు మూసుకోని ఉండా. తలుపు కాడ నిలబడితే ఆ మసక ఎల్తురులో ఒడ్డు కనపడదు. నువ్వొచ్చి పండుకున్నాక, దండెం మీద ఆరేసిన నీ బట్టలు తడిమి చూస్తా. మొదట్లో లుంగీ అంచు తడిసేది. దసరా కాడికి మోకాళ్ల దాకా వచ్చింది. దీపాల పండగకు నడుము దాకా."

మునీంద్ర చెయ్యి ఆమె మణికట్టు మీంచి జారిపోయింది.

"ఈడికైతే ఒడ్డు దగ్గర. దీపం పెట్టుకోని ఈడ కూసుంటా. నువ్వు యాడ దాకా పోతాండావో నాకు కనపడాల. నేను పిలిస్తే నీకు వినపడాల. గోడ పెట్టి అది గూడా లేకుండా చేస్తే ఎట్లయ్యా?" ఆమె అతని రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది. "నిన్న చొక్కా జేబు గూడా తడిసింది."

మునీంద్ర వంగాడు. ఇంకా మాలు ఆరని పైరాయిని రెండు చేతులా ఎత్తి, నేలమీద పెట్టాడు.