సగం గాలి

“ఆ పైపు ముట్టకు! దామోదర్ మెస్త్రీ వచ్చినంకనే పని మొదలు,” అంటూ రామచంద్రయ్య బోరుబావికి అడ్డంగా నిలబడ్డాడు.

ట్రాలీ ఆటోలోంచి అప్పుడే కంప్రెషర్ దింపించిన స్వర్ణ ఆగిపోయింది.

“నేను ఆయన భార్యను పెద్దయ్యా. పని నాకు ఎరికే. ఎండ ముదరకముందే మొదలువెడ్దాం.”

“ఎరికైతే ఎరికే గని, బోర్డు మీద మెస్త్రీ పేరు సూసే ఫోన్ జేసిన. గిది పన్నెండేండ్ల బత్తాయి తోట. మోటరుకు నీళ్లందక ఎనిమిది దినాలాయె. ఆకులు ముడుసుకపోతున్నయి. ఇయ్యాల పారకపోతే కట్టెలే మిగుల్తయి. నీ చేతిల ఎట్ల వెట్టాలె?”

“జర చెయ్యనియ్యి. చెట్లు మెస్త్రీ కోసం ఆగుతయా?” భార్య గుర్వమ్మ కసిరింది. రామచంద్రయ్య గొణుక్కుంటూనే పక్కకు జరిగాడు.

స్వర్ణ సన్నటి గాలి పైపును నీళ్ల పైపుకు జోడించి, రెండింటినీ మోటరు తీసేసి ఉన్న బోరు అడుగుదాకా దించింది. కంప్రెషర్ ఆన్ చేసింది. పైన పైపు మూతి బుస్సుమంది. గాలి, నాలుగు తుంపర్లు, మళ్లీ గాలి. కింద పెట్టిన బకెట్ అడుగు కూడా తడవలేదు.

“గాలి సాల్తలేదు! ఇంకా పెంచు!” రామచంద్రయ్య అరిచాడు.

స్వర్ణ వాల్వును ఎదురు తిప్పింది. గాలి సగానికి సగం తగ్గిపోయింది.

“అయ్యో, ఉన్న తుంపర్లు గూడ పాయె! ఏం జేస్తున్నవ్ నువ్వు?”

“గాలి మస్తుగైతే అదొక్కటే నడిమిట్లకెంచి ఉరుకుతది పెద్దయ్యా. నీళ్లేమో పైపు గోడలు వట్టుకొని కిందికి జారుతయి. తక్కువ ఇస్తే బుడగలు బుడగలుగ నీళ్లల్ల కలుస్తది. అప్పుడు నీళ్లు తేలికై పైకొస్తయి.”

ఆమె పైపు మీద అరచేయి ఆనించి, వాల్వును వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ పోయింది. బుస ఆగిపోయింది. పైపు గుటకలు మింగుతున్నట్టు అదిరింది. ఒకసారి, రెండుసార్లు. నురగ పొంగింది. ఆ వెనకే పాలలాంటి నీళ్లు పైపు నిండా దూకాయి.

గుర్వమ్మ పరుగున వచ్చి దోసిలి పట్టింది. నీళ్లు కాలువ వెంట పోయి మొదటి చెట్టు పాదులోకి ఇంకుతుంటే, రామచంద్రయ్య తువ్వాలతో కండ్లు తుడుచుకున్నాడు.

“మాట జారిన బిడ్డా, ఏమనుకోకు. గాలి తగ్గిస్తె నీళ్లు పెరుగుతయని గీ అరవై ఏండ్లల్ల నేను ఇనలే, సూడలే. నీ చేతిల ఇద్దె ఉన్నది.” తువ్వాల భుజాన వేసుకుంటూ అన్నాడు: “భార్యకే గింత పని నేర్పిండంటే ఆ దామోదర్ మెస్త్రీ ఎంతటోడో! ఒక్కసారి ఆయనకు దండం వెట్టాలె. ఎప్పుడొస్తడు?”

స్వర్ణ పానాలు, రెంచీలు సంచిలో సర్దుకుంటూ నవ్వింది.

“ఆయన రాడు పెద్దయ్యా, మోత్కూరు ఊర్ల బట్టలు కుడ్తడు. బోర్డు మీద నా పేరు ఉన్నన్ని దినాలు ఒక్కలు గూడ ఫోన్ జెయ్యలే.”