మైనస్ పద్దెనిమిదిలో ఫోన్

"మొహం సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి."

ఫోన్ తెర మీద ఆ మాట కనబడటం అది ఆరోసారి. ఫ్రీజర్ గదిలో, గడ్డకట్టిన బఠాణీ పెట్టెల మధ్య నిలబడి మేస్త్రి దానివంక గుడ్లురిమి చూశాడు. మొహం సరిపోలకపోవడం ఏమిటి? తనకున్నది ఒక్కటే మొహం. యాభై ఆరేళ్లుగా దాంతోనే నెట్టుకొస్తున్నాడు.

తప్పంతా మంకీ క్యాప్‌దే అనుకుని ఊడదీశాడు. చెవులు జివ్వుమన్నాయి. ఫోన్ మాత్రం కరగలేదు.

ఈ కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా సరుకు లెక్క మేస్త్రిదే. ఒక అట్ట, దానికో కాగితం, చెవి మీద పెన్సిల్. పొద్దున మేనేజర్ పిలిచి కొత్త ఫోన్ చూపించాడు.

"ఫ్యాక్టరీల కోసం ప్రత్యేకంగా చేసే మొద్దు యంత్రాలు మనకెందుకండీ? బజార్లో అందరూ కొనే ఫోనే చాలు. నేనూ ఇదే వాడుతున్నాను. ఇవాళ ఈ రెండు వందల పెట్టెలూ దీంతో స్కాన్ చేయండి. పనికొస్తుందో లేదో ఐదింటికి చెప్పండి."

"నావల్ల కాకపోతే సార్?"

"కాకపోతే లెక్క ఇంకొకరు చూస్తారు. మీకు గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను."

మేనేజర్‌కి ముక్కు మీదే కోపం. ఆయనే దగ్గరుండి మేస్త్రి మొహాన్నీ బొటనవేలినీ ఫోన్‌లోకి ఎక్కించాడు. నాలుగంకెల నంబరు కూడా పెట్టించాడు. ఇంతలో లారీ వచ్చిందని బయటినుంచి కేక. మేస్త్రి ఫైళ్ల మధ్యలోంచి ఫోన్ అందుకుని ఒకటే పరుగు.

ఇప్పుడు ఇదీ వరస.

గ్లౌజు వేలితో నొక్కితే తెర కదలదు, మెదలదు. గ్లౌజు తీసి బొటనవేలు ఆనిస్తే వేలిముద్ర సరిపోలలేదంది. నిజమే, ఆ చలికి అది తన వేలేనని తనకే అనిపించలేదు. నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టి మళ్లీ ఆనించాడు. ఈసారి తడిగా ఉందని మొరాయించింది.

చివరికి నంబరు. పెళ్లయిన సంవత్సరం కొట్టాడు. తప్పంది. ఆ ముందు సంవత్సరం కొట్టాడు. అదీ తప్పే. పెళ్లి ఎప్పుడైందో మర్చిపోయాడని ఇంట్లో తెలిస్తే గేటు దగ్గర కుర్చీ కాదు, ఇంట్లో మంచం కూడా దక్కదు.

గోడల మందానికి లోపల సిగ్నల్ అందదు. బయటికెళ్లి ఎవరినైనా అడగొచ్చు. కానీ ఫోన్ తెరవడం కూడా రాలేదన్న మాట క్షణంలో గోదామంతా పాకిపోతుంది. ఇరవై రెండేళ్ల పరువు. నీళ్లు గడ్డకట్టే చలిలో మేస్త్రికి చెమట పట్టింది.

పదకొండింటికి ఫోన్ దానంతటదే బుర్రుమంది. 'మాత్ర వేసుకున్నావా?'

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. తనకే మాత్రా లేదు. అయినా ఇంత ఆప్యాయంగా అడుగుతుంటే ఒక్కటైనా వేసుకోవాలేమో అనిపించింది. కాపురానికొచ్చిన కొత్తలో తన భార్య కూడా ఇంతలా పట్టించుకోలేదు.

పన్నెండయ్యేసరికి ఓపిక నశించింది. ఫోన్‌ని నేలకేసి కొడదామని చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే మళ్లీ బుర్రుమంది. 'కోప్పడకు. పది లెక్కపెట్టు.'

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దీనికి మనసులో మాట కూడా తెలుస్తోంది! పోనీలే, అర్థమయ్యే పని ఒక్కటైనా చెప్పింది కదా అని బుద్ధిగా పది పెట్టెలు లెక్కపెట్టాడు. ఏమీ జరగలేదు.

రెండింటికి మూడో హుకుం వచ్చింది. 'నవ్వుతూ మాట్లాడు.'

మేస్త్రికి బుర్ర వెలిగింది. అదీ సంగతి! పొద్దున మొహం ఎక్కించినప్పుడు నవ్వి ఉంటాడు. ఇప్పుడు మొహం ముటముటలాడుతోంది. మరి ఎలా సరిపోలుతుంది? పళ్లన్నీ బయటపెట్టి ఫోన్‌ని మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"అమ్మా తల్లీ, నేనేనమ్మా. మేస్త్రిని. గుర్తుపట్టమ్మా."

"బాబాయ్!" వెనకనుంచి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అమ్మాయి బండి ఆపేసింది. "చలి తలకెక్కిందా ఏంటి? కాసేపు బయటికొచ్చి ఎండలో కూర్చోండి."

మేస్త్రి నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. ఆ వెంటనే ఫోన్ చార్జి కూడా చలికి చచ్చిపోయి తెర నల్లబడింది. అతను నిట్టూర్చి కోటు లోపల దాచిన అట్ట తీశాడు. ముప్పావు గంటలో రెండు వందల పెట్టెలూ లెక్క తేలాయి.

ఐదింటికి మేనేజర్ గది బయట గుమస్తా గుసగుసగా అన్నాడు. "చూసుకుని వెళ్లండి మేస్త్రీ. ఇవాళ సార్ ఎందుకో మరీ మండిపడుతున్నారు. ఇప్పటికే నలుగురిని కడిగేశారు."

మేస్త్రి లోపలికెళ్లి ఫోన్‌నీ అట్టనీ టేబుల్ మీద పెట్టాడు. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"ఫోన్ది ఏ తప్పూ లేదు సార్. తప్పు నాదే. నా మొహం పనికిరాలేదు, వేలు పనికిరాలేదు, బుర్ర అసలే పనికిరాలేదు. లెక్క మాత్రం చేత్తో రాశాను, సరిగ్గా ఉంది. ఆ కుర్చీ గేటుకి ఎటుపక్క వేయిస్తారో చెప్పండి, వెళ్లి కూర్చుంటాను."

ఇరవై రెండేళ్లు చేసిన పని ఆ అట్ట మీద ఉంది.

మేనేజర్ మొహం కందగడ్డలా ఉంది. సొరుగు లాగి లోపలినుంచి తన ఫోన్ తీసి టేబుల్ మీద ఠపీమని పెట్టాడు.

"ముందు కూర్చోండి మేస్త్రీ గారూ. మీకైతే చలి, మంకీ క్యాప్ ఉన్నాయి, ఈ గదిలో ఊరికే కూర్చున్న నా మొహాన్ని కూడా పొద్దుటినుంచీ నా ఫోన్ గుర్తుపట్టడం లేదు! పదకొండింటి మాత్ర కూడా గుర్తుచేయలేదు!"