తొమ్మిది యూనిట్లు

“బెల్లు మాత్రం కొట్టకు. అక్కకి మంచం దిగడమే కష్టం. బయటి మెట్ల మీంచి పైకెళ్ళి నీ పని చూసుకుని పో” అన్నాడు ఆ ఇంటావిడ తమ్ముడు ఫోన్లో.

సరేనని సోలార్ మెకానిక్ మెట్లెక్కాడు. ఆ డాబా మీది ఎనిమిది పలకలూ నెల కిందట అతను తన చేత్తో బిగించినవే. ఆనాటి నుంచి రోజుకు తొమ్మిది యూనిట్లకు తగ్గని ఉత్పత్తి, మంగళవారం నుంచి ఒక్క యూనిట్ దగ్గర చతికిలబడింది. అతని మీద ఇది మూడో ఫిర్యాదు. ఈసారీ తప్పు బిగింపులోదేనని తేలితే రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదని యజమాని మొహం మీదే చెప్పాడు.

ముందు పలకలు తుడిచాడు. దుమ్ము నామమాత్రంగానే ఉంది. నీడ పడుతోందేమోనని చుట్టూ చూశాడు. చెట్టూ లేదు, ట్యాంకూ లేదు. వైర్లు విప్పి మీటరు పెడితే ఒక్కో పలకా ఎండకు తగ్గ వోల్టేజీని నిక్కచ్చిగా చూపించింది. నెల కిందట ఇక్కడ పనిచేసినప్పుడు కింది గదిలోంచి ఎడతెగకుండా వచ్చే గుయ్‌మనే మోతకు తల పగిలిపోయింది. ఇవాళ ఆ పీడ లేదు. హాయిగా ఈలేసుకుంటూ పని చేసుకున్నాడు.

పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఇల్లాలు పిట్టగోడ దగ్గరికి వచ్చింది. మంగళవారం పొద్దున్నే ఈ ఇంట్లో ఏదో కీచుకీచుమని గంటసేపు కూసిందనీ, అది సోలార్ డబ్బా పనే అయ్యుంటుందనీ దెప్పింది.

“మా డబ్బా నోరు లేనిదమ్మా. అందుకే నోరున్నవాళ్ళంతా దాని మీద పడతారు” అన్నాడు మెకానిక్.

కిందికి దిగి, మెట్ల కింద ఇన్వర్టర్ పక్కనున్న ప్లగ్గులో, తన సంచిలోని నీళ్ళు కాచే రాడ్డు పెట్టి బకెట్లో ముంచాడు. ఇన్వర్టర్ మీద అంకె ఒక్కసారిగా పైకి లేచింది. రాడ్డు తీసేస్తే మళ్ళీ పడిపోయింది. బ్యాటరీ నిండుగా ఉంది. అతని గుండెల మీది బరువు దిగిపోయింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు.

“పలకల్లో వీసమెత్తు లోపం లేదు సార్. బ్యాటరీ నిండాక, ఇల్లు ఎంత అడిగితే అవి అంతే ఇస్తాయి. ఆవు పాలిస్తానన్నా పితికేవాళ్ళుండాలి కదా. ఇప్పుడు మీ ఇల్లే అడగడం లేదు.”

తమ్ముడు నమ్మలేదు. “నన్ను ఏమార్చకు. రోజూ ఆఫీసులో ఫోన్ తెరవగానే ఆ యూనిట్ల అంకే చూస్తాను. అంకె బాగుంటే ఇల్లు బాగున్నట్టే. ఆదివారం సరుకులిచ్చి వచ్చినప్పుడు కూడా తొమ్మిదే ఉంది.”

“ఏం వాడటం ఆపేశారో అక్కగారినే ఒకసారి అడగండి సార్.”

“మాట్లాడితే ఆమెకి ఆయాసం. ఫోనెందుకు? అంకె ఉందిగా. ఏది ఆగిందో నువ్వే చూసి చెప్పు.”

సొంత అక్కను అంకెలో చూసుకునేవాడు తన పనికి వంక పెడతాడా అని మెకానిక్‌కు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనేద్దామనుకున్నాడు. ఉద్యోగం నిలబడింది, అదే చాలనుకుని నోరు కట్టేసుకున్నాడు. ఆ ఆగిందేదో చెప్పేసి పోదామని స్విచ్చుల పెట్టె మూత తెరిచాడు.

నాలుగు స్విచ్చుల్లో ఒకటి కిందికి పడి ఉంది. చూడగానే గుర్తొచ్చింది. పలకలు బిగించిన రోజు సరైన స్విచ్చు దొరక్క, కాస్త భారం ఎక్కువైతే చాలు టపీమని పడిపోయే చిన్నది బిగించాడు. రేపు మారుద్దాంలే అనుకున్నాడు. రేపటికి రూపు లేదంటారు. నెల గడిచిపోయింది.

“ఏమయ్యా, తెలిసిందా?” అంటున్నాడు ఫోన్లో తమ్ముడు.

స్విచ్చు కింద తెల్లటేపు మీద తన చేతిరాతే ఉంది: ఆక్సిజన్ మిషన్.