పోయినాయన పథ్యం

ఆవుపాలు కనుమరుగై, ఇంటింటా మాట్లాడే పొయ్యిలే పథ్యం చూసే రోజులవి. భర్త సుజిత్ సంవత్సరీకానికి హారికమ్మ కొబ్బరిపాల పాయసం పెట్టింది. బెల్లం ముక్క వేయగానే పొయ్యి ఆరిపోయింది.

"సుజిత్‌గారికి షుగరండీ. బెల్లం తీసేసి రెండు ఖర్జూరాలు వేయండి," అంది పొయ్యి.

"నీ నోరు పడిపోను! పోయి ఏడాదైన మనిషికి షుగరేంటే?"

"ఆయన పేరు మీద పథ్యం ఇంకా నడుస్తోందండీ."

"ఆఖరి రోజున చెంచాడు పాయసం అడిగాడు. పెట్టనిచ్చావా, రాక్షసీ!" గరిటెతో దాని మొహాన ఒక్కటిచ్చింది.

పొయ్యి గొంతు మారలేదు. "ఆరోజు నేను సరేనన్నానండీ. వద్దే వద్దని పట్టుబట్టింది మీరే. ఆ పథ్యం ఇప్పుడు ఎత్తేయమంటారా?"

హారికమ్మ గరిటె కింద పెట్టింది.

"ఎత్తెయ్," అని, డబ్బాలో బెల్లమంతా గిన్నెలో బోర్లించింది.